ముందు నిన్నటి రొట్టె

ఆ ఫోను వచ్చినప్పుడు ఇల్వియా ఒక చేత్తో పిల్లాడి ముక్కు తుడుస్తూ ఇంకో చేత్తో గంజి కలుపుతోంది. ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. అవతల ఎవరో ఆడమనిషి, రాజధాని యాస, వెన్న రాసినట్టు మాట్లాడుతోంది.

"మీ నంబరు లాటరీలో వచ్చిందండీ. ఇరవై ఏడు దేశాల నుంచి నూటయాభై మందిని ఇలాగే పిలుస్తున్నాం. తిండి వృథా కాకుండా ఏం చెయ్యాలో మాట్లాడుకోవడానికి. మీ అభిప్రాయం కావాలి."

"ఎవరి అభిప్రాయం?" అంది ఇల్వియా.

"మీదేనండీ."

ఇల్వియా వెనక్కి తిరిగి చూసింది. వంటింట్లో తనూ, పద్నాలుగు నెలల ఎమీలూ, పొయ్యి దగ్గర అత్తగారూ తప్ప ఇంకెవరూ లేరు.

ఫోను పెట్టేశాక సంగతంతా చెప్పింది. అత్తగారు స్కైద్రీతె గరిటె కింద పెట్టకుండానే విచారణ మొదలుపెట్టింది.

"బ్యాంకు నంబరు అడిగారా?"

"లేదత్తయ్యా."

"రహస్య సంఖ్య?"

"అదీ అడగలేదు. అభిప్రాయం అడిగారు."

"అయితే ఇంకా పెద్ద మోసం," అని తేల్చేసింది స్కైద్రీతె. "డబ్బు కోసం ఫోను చేసేవాడి సంగతి మనకు తెలుసు. అభిప్రాయం కోసం చేసేవాడు ఏం ఎత్తుకుపోతాడో ఎవరికి తెలుసు?"

తర్వాత ఉత్తరం వచ్చింది, విమానం టికెట్లు వచ్చాయి, మోసం కాదని తేలిపోయింది. కలప లారీ నడిపే మొగుడు గుంటర్స్ శనివారం ఇంటికొచ్చి ఆ కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసి, "వెళ్ళిరా. మూడు వారాంతాలే కదా. మధ్యది ఇంట్లోంచే, కంప్యూటర్లో," అన్నాడు. "పిల్లాణ్ణి అమ్మ చూసుకుంటుంది."

సరిగ్గా అదే ఇల్వియా భయం.

ఇల్వియాకి ఇరవై నాలుగేళ్ళు. పదో తరగతి సగంలో ఉండగా తల్లి మంచాన పడింది. ఒక శీతాకాలం సెలవు పెడితే చాలనుకుంది గానీ మళ్ళీ బడి మొహం చూడలేదు. ఇరవయ్యో ఏట పెళ్ళయి లాత్వియాలో ప్రెయిలి అనే ఊరి పక్కనున్న ఈ ఇంటికి వచ్చింది. ఇక్కడ ఆమెకు లోటేమీ లేదు, మాట పూర్తిచేసే అవకాశం ఒక్కటి తప్ప. "నాకేమనిపిస్తోందంటే..." అని ఆమె మొదలుపెడితే, ఏమనిపిస్తోందో స్కైద్రీతె చెప్పేసేది. చాలాసార్లు అది నిజమే అయ్యేది కూడా, అందుకే మరీ ఒళ్ళు మండేది.

కాబట్టి టికెట్లు చేతికొచ్చిన రోజునే పిల్లాడి తల మీద చెయ్యిపెట్టి ఒట్టు వేసుకుంది. మూడు విడతలు ముగిసేలోపు ఒక్కసారైనా మైకు మీట నొక్కి, తనదంటూ ఒక్క మాట, పూర్తిగా, చివరి దాకా చెప్పి రావాలి. ఒట్టు వేశాక పిల్లాడి తల వెచ్చగా ఉన్నట్టనిపించి థర్మామీటరు పెట్టి చూసింది. ఏమీ లేదు.

ఆ ఇంట్లో రొట్టె సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే చివరికి అంతా దాని చుట్టూనే తిరిగింది.

స్కైద్రీతె ప్రతి శుక్రవారం నల్ల రొట్టె కాలుస్తుంది. రై పిండి ముందురోజే పులియబెట్టి, పెద్ద ముద్ద చేసి, పైన వేలితో గీత గీసి, పొయ్యిలోకి తోస్తుంది. మధ్యాహ్నానికి ఇల్లంతా వాసన. దారిన పోయేవాళ్ళు కూడా కంచె దగ్గర ఒక్క క్షణం ఆగుతారు. ఆ రొట్టె బయటికి తీసి, నీళ్ళు చిలకరించి, నారబట్టలో చుట్టి అల్మరాలో పెట్టేస్తుంది. ఎందుకంటే పోయిన శుక్రవారం రొట్టె ఇంకా మిగిలి ఉంటుంది. ముందు అది అవ్వాలి. అది బుధవారానికి అవుతుంది. అప్పుడు కొత్త రొట్టె బట్ట విప్పుతారు. అప్పటికి కొత్త రొట్టె కొత్తది కాదు. అది తినడం మొదలుపెట్టిన రెండు రోజులకు మళ్ళీ శుక్రవారం వస్తుంది.

అలా నాలుగేళ్ళుగా ఇల్వియా ఆ ఇంట్లో వేడి రొట్టె వాసన పీల్చింది గానీ వేడి రొట్టె తినలేదు. ఒక్క ముక్క కూడా. ఎమీల్ కడుపులో ఉన్నప్పుడు ఒకసారి నోరూరి అడిగింది. "వేడి రొట్టె అరగదు," అని అల్మరా తలుపు వేసేసింది అత్తగారు.

మొదటి విడత బ్రస్సెల్స్‌లో. పెద్ద హాలు, చుట్టూ పైన గాజు గదులు, వాటిలో దుభాషీలు. ప్రతివాళ్ళ చెవులకూ ఒక యంత్రం తగిలించారు. ఎవరు ఏ భాషలో మాట్లాడినా మన చెవిలో మన భాషే. ఇల్వియాకి అదంతా ఇంద్రజాలంలా ఉంది.

పన్నెండు మందిని ఒక గుంపు చేశారు. ఇల్వియా పక్కన పోర్చుగల్ నుంచి వచ్చిన బెల్మీరో కూర్చున్నాడు. రేవులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి, తలుపంత వెడల్పు, చేతుల మీద లంగరు పచ్చబొట్లు. ఆయన నోరు తెరిచాడు. ఇల్వియా చెవిలో దుభాషి పదహారేళ్ళ పిల్ల గొంతుతో సన్నగా, తియ్యగా, "నేను నలభై ఏళ్ళు రేవులో పనిచేశాను, నా భార్య వండిన చేపల కూర ఎన్నడూ వదిలిపెట్టలేదు," అంది. ఇల్వియాకి నవ్వాగక బల్ల కింద తన చెయ్యి తనే గిల్లుకుంది. ఆ తర్వాత ప్రతి విడతలోనూ బెల్మీరోను చూసినప్పుడల్లా ఆమెకు రెండు జడలు కనిపించేవి.

నవ్వులు కూడా విడతలుగా వచ్చేవి. ఎవరైనా జోకు వేస్తే ముందు వాళ్ళ దేశంవాళ్ళు నవ్వేవాళ్ళు, తర్వాత దగ్గరి భాషలవాళ్ళు, ఆ పైన అనువాదానికి అనువాదం వినేవాళ్ళు. అందరికంటే ఆఖరున ఎక్కడో మూల ఇద్దరు నవ్వేవాళ్ళు. అప్పటికి హాలంతా నిశ్శబ్దంగా ఉండటంతో పాపం వాళ్ళు సిగ్గుపడేవాళ్ళు.

చర్చ నడిపించే ఆవిడ పేరు ఓర్లా, ఐర్లండు మనిషి. రంగు కాగితాలు పంచి, మనసులో ఉన్నది రాయమనేది. అందరినీ అడిగేది, ఎవరినీ బలవంతపెట్టేది కాదు. "ఇల్వియా, మీరేమైనా?"

ఇల్వియా బొటనవేలు మైకు మీట మీదే ఉంది. రెండు రోజులూ అక్కడే ఉంది. నొక్కలేదు. మాట గొంతు దాకా వచ్చేది, ఈలోగా ఎవరో ఒకరు అదే మాట ఇంకా బాగా చెప్పేసేవాళ్ళు. విరామం దొరికినప్పుడల్లా ఇంటికి ఫోను చేసింది.

"అత్తయ్యా, పిల్లాడు దగ్గుతున్నాడా?"

"దగ్గడం లేదు."

"మరి ఆ చప్పుడేంటి?"

"నవ్వుతున్నాడు. నువ్వు లేవని."

రెండో విడతకు ఇల్వియా పకడ్బందీగా సిద్ధమైంది. ఒక కవరు వెనక తన మాట రాసుకుంది. "వారానికి సరిపడా చీటీ రాసుకుని, ఆ చీటీ ప్రకారమే సరుకులు కొనాలి." దాన్ని గిన్నెలు తోముతూ చదివింది, పిల్లాడికి జోలపాడుతూ చదివింది. గుంటర్స్ లారీలోంచి ఫోనులో విని బాగుందన్నాడు. స్కైద్రీతె విని, "చీటీ దేనికి? బుర్ర లేదా?" అంది.

గ్రంథాలయం వాళ్ళు కంప్యూటరు ఇచ్చారు. దాన్ని వంటింటి బల్ల మీద పెట్టుకుంది. ఆ గదిలో తప్ప సిగ్నలు అందదు. సభ నియమం ఏమిటంటే, లాటరీలో వచ్చినవాళ్ళే మాట్లాడాలి, పక్కనుంచి వేరేవాళ్ళు అందించకూడదు.

"అత్తయ్యా, రెండు గంటలు మీరు ఇటు రాకూడదు."

"సూప్ కలపాలి."

"తర్వాత కలుపుదురు గాని."

"సూప్‌కి సభ సంగతి తెలుసా? అడుగంటితే దాన్నీ మీ వాళ్ళతో చర్చిస్తావా?"

చివరికి సూప్ పొయ్యి మీదుంటుంది, స్కైద్రీతె పెరట్లో ఉంటుంది, సూప్ పిలిస్తే తప్ప రాదు అని ఒప్పందం కుదిరింది.

గంట గడిచింది. డెన్మార్క్ పిల్ల టూరా, పందొమ్మిదేళ్ళది, ఫ్రిజ్‌లో ఏముందో చెప్పే ఫోను యాప్ గురించి పది నిమిషాలు మాట్లాడింది. బెల్మీరో ఆ తియ్యటి గొంతుతో, "నా ఫ్రిజ్‌లో ఏముందో నా భార్య చెబుతుంది, చార్జింగ్ కూడా అక్కర్లేదు," అన్నాడు. అప్పుడు ఓర్లా, "ఇల్వియా, మీరేమైనా?" అంది.

ఇల్వియా కవరు తీసింది. గొంతు సవరించుకుంది. మైకు మీట నొక్కింది. ఎర్ర గుర్తు పోయి పచ్చ గుర్తు వచ్చింది. సరిగ్గా అప్పుడే బల్ల కింద ఎమీల్ ఏదో గుటుక్కుమనిపించిన చప్పుడు.

అంతే, ఇల్వియాకి పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్లాణ్ణి ఎత్తి, తలకిందులు చేసి, వీపు తడుతూ స్నానాలగదిలోకి పరుగెత్తింది. వాడి కాలు తగిలి కంప్యూటరు కెమెరా పైకప్పు వైపు తిరిగింది. మైకు తెరిచే ఉంది.

వాడు మింగింది ఉడికిన బఠాణీ గింజ. అది సూప్‌లోదే. వాడికేమీ కాలేదు, పైగా ఇంకోటి కావాలని ఏడ్చాడు. ఇల్వియా మాత్రం వాడి నోరు లోపల వెతికి, గోళ్ళు చూసి, పెదాల రంగు చూసి, తొట్టి అంచు మీద కూర్చుండిపోయింది.

ఈలోగా సూప్ పిలిచినట్టుంది. స్కైద్రీతె లోపలికి వచ్చింది. కిటికీ గట్టు మీద రొట్టె ముక్క కనిపించింది. పొద్దున పిల్లాడు కొరికి వదిలేస్తే ఇల్వియా పిచ్చుకల కోసం అక్కడ పెట్టింది. ఇక అత్తగారి నోరు లేచింది.

"ఎవరు పారేశారు ఈ ముక్క? ఈ ఇంట్లో నలభై ఏళ్ళుగా ఒక్క ముక్క గుమ్మం దాటలేదు! ముందు నిన్నటిది తిను, ఆ తర్వాతే ఇవాళ్టిది ముట్టుకో. అంతే! దీనికి సభలు కావాలా, కంప్యూటర్లు కావాలా? గట్టిపడితే నానబెట్టు. నానితే సూప్ చెయ్యి. సూప్ మిగిలితే రేపు తిను. రేపూ మిగిలితే తప్పు సూప్‌ది కాదు, నీది, తక్కువ వండు! అందరూ లోకాన్ని బాగుచేసేవాళ్ళే, పళ్ళెం నాకేవాడు ఒక్కడూ లేడు!"

సూప్ కలిపి, ముక్క జేబులో వేసుకుని, మళ్ళీ పెరట్లోకి వెళ్ళిపోయింది.

బ్రస్సెల్స్‌లో ఒక గాజు గదిలో కూర్చున్న లాత్వియా దుభాషి, తన పద్ధతి ప్రకారం, చెవిలో పడ్డ ప్రతి మాటనూ మృదువైన మగ గొంతుతో ఇంగ్లీషులోకి మార్చాడు. అక్కడి నుంచి అది పోర్చుగీసులోకి, డేనిష్‌లోకి, ఇంకా ఎన్నింట్లోకో వెళ్ళింది. గుంపులో వాళ్ళకు తెర మీద కనిపించింది పైకప్పుకు వేలాడే దీపం, కింద 'ఇల్వియా' అన్న పేరు. వినిపించింది ఎవరి దుభాషి గొంతు వాళ్ళకి.

ఇల్వియా పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చేసరికి తెర మీద పదకొండు మంది చప్పట్లు కొడుతున్నారు. ఓర్లా కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది.

"ఇల్వియా, ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు," అంది. "ముందు నిన్నటిది తిను! దీన్నే మన సిఫారసుగా రాద్దాం. ఎవరికైనా అభ్యంతరమా?"

టూరా కూడా యాప్ పక్కన పెట్టి రెండు బొటనవేళ్ళూ పైకెత్తింది.

"అది కాదండీ, నేను..." అంది ఇల్వియా.

"మరీ మొహమాటం," అన్నాడు బెల్మీరో చెవిలో ముద్దుగా.

టైం అయిపోయింది. తెర నల్లబడింది. కవరు ఎమీల్ నోట్లో ఉంది. చీటీ గురించిన మాట సగం వాడు నమిలేశాడు.

ఆ తర్వాత మూడు వారాలు ఇల్వియాకి నిద్ర పట్టలేదు. నిజం చెబితే సిఫారసు కొట్టేస్తారేమో. చెప్పకపోతే అత్తగారి మాటకు తను చప్పట్లు కొట్టించుకున్నట్టు. ఇక తన ఒట్టో? మైకు నొక్కింది నిజమే, మాట మాత్రం తనది కాదు. ఒట్టు తప్పితే పిల్లాడికి ఏమైనా అవుతుందా అని ఇంకో దిగులు. ఇంట్లో మాత్రం, "మా గుంపు సిఫారసు నేనే చదవాలట, పెద్ద హాల్లో, నేరుగా ప్రసారం చేస్తారట," అని ఊరుకుంది. ఆ సిఫారసు ఏమిటో చెప్పలేదు.

స్కైద్రీతె ఆ కబురు పక్కింటి అనెలెకు చెప్పింది. అనెలె ఊరంతటికీ చెప్పింది. గ్రంథాలయం వాళ్ళు పెద్ద తెర కడతామన్నారు.

మూడో విడత మళ్ళీ బ్రస్సెల్స్‌లో. శనివారం కాఫీ వరసలో నిలబడి ఉండగా వెనకనుంచి ఎవరో లాత్వియా భాషలో, చాలా మృదువుగా, "మీ అత్తగారు కులాసాయేనా?" అన్నారు.

ఇల్వియా తిరిగి చూస్తే సన్నగా, పొడుగ్గా, బట్టతల మనిషి. మెడలో దుభాషీల కార్డు, పేరు మోద్రిస్.

"మీకు... తెలుసా?"

"గొంతు విన్నది నేనే కదండీ. మీరు 'అది కాదండీ' అన్నప్పుడే అనుకున్నాను, అంతకుముందు మాట్లాడింది మీరు కాదని. అయినా మా అమ్మ గొంతూ అంతే ఉంటుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉండి కూడా లేచి నిలబడ్డాను."

"ఎవరికైనా చెప్పారా?"

"మేం చెప్పకూడదు. మైకులో పడ్డది మారుస్తాం, అంతవరకే మా పని. అన్నట్టు, పళ్ళెం నాకడం అన్నదాన్ని నేను పళ్ళెం ఖాళీ చెయ్యడం అని కాస్త మర్యాద చేశాను. ఆవిడకు నా క్షమాపణ చెప్పండి."

"ఇప్పుడు నేనేం చెయ్యాలండీ?"

మోద్రిస్ అటూ ఇటూ చూశాడు. "ఇరవై ఏళ్ళుగా అందరి అభిప్రాయాలూ చెబుతున్నాను. నా అభిప్రాయం అడిగింది మీరే మొదలు," అన్నాడు. కాసేపు ఆలోచించి, "తెలీదండీ," అన్నాడు.

ఆదివారం పొద్దున హోటల్లో ఫలహారానికి దిగింది. బల్ల మీద గంపలో రొట్టెలు, అప్పుడే పొయ్యిలోంచి వచ్చినవి, పైన పొగలు. ఇల్వియా చెయ్యి చాచి, ఆగిపోయింది. అలవాటు. చుట్టూ వెతికింది. వడ్డించే అబ్బాయిని సైగ చేసి పిలిచి, తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో, "నిన్నటి రొట్టె ఎక్కడ?" అని అడిగింది.

అతని మొహం పాలిపోయింది. "లేదు మేడమ్! మా దగ్గర నిన్నటిది ఉండనే ఉండదు. ఒట్టు!"

ఆమె తనిఖీకి వచ్చిందనుకున్నాడో ఏమో, ఇంకో వేడి గంప తెచ్చి ముందు పెట్టి పోయాడు.

ఇల్వియా ఒక ముక్క కోసింది. వెన్న పెడితే పెట్టినచోట నిలబడలేదు, కరిగి లోపలికి ఇంకిపోయింది. పైపొర కరకరమంది, లోపల దూదిలా ఉంది. అది నల్ల రొట్టె కూడా కాదు, ఉత్త తెల్ల గోధుమ రొట్టె. అయినా నాలుగేళ్ళలో మొదటి వేడి ముక్క. రెండోది తింది. మూడోది తింటున్నప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాధ కాదు, అచ్చంగా కోపం. శుక్రవారం శుక్రవారం ఆ వాసన మధ్య కూర్చుని వారం నాటి రొట్టె నమిలిన రెండొందల శుక్రవారాలు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఈ సంగతి ఈ నూటయాభై మందిలో తనకొక్కదానికే తెలుసు. ఆ నియమం కింద కాపురం చేసింది తనొక్కతే.

నాలుగో ముక్క చేతి రుమాల్లో చుట్టి సంచిలో వేసుకుంది. వృథా చెయ్యడం ఆమె వల్ల కాదు.

హాలు నిండిపోయింది. ఇల్వియా పేరు పిలిచారు. నిలబడింది. మీట నొక్కింది. మైకు దీపం వెలిగింది. ఎదురుగా పెద్ద తెర మీద తన మొహమే, గడ్డం మీద రొట్టె పొట్టు అతుక్కుని. ప్రెయిలి గ్రంథాలయంలో కూడా ఇదే కనిపిస్తుంటుందని తట్టగానే గడ్డం తుడుచుకుంది.

కాగితం చదివింది. "ప్రతి ఇంట్లోనూ ముందు నిన్నటిది తిని, ఆ తర్వాతే ఇవాళ్టిది ముట్టుకునేలా ప్రజలకు అలవాటు చెయ్యాలి."

చప్పట్లు. అక్కడితో కూర్చోవాలి. కూర్చోలేదు.

"ఈ మాట నాది కాదు," అంది.

చప్పట్లు భాషల వారీగా ఆగిపోయాయి.

"ఇది మా అత్తగారిది. పిల్లాడు బఠాణీ మింగితే నేను పరుగెత్తాను. మైకు తెరిచి ఉంది. ఆవిడ సూప్ కోసం వచ్చింది. ఆవిడకు మీరున్నారని తెలీదు. నన్ను తిడుతున్నాననుకుంది, మిమ్మల్నందరినీ తిట్టింది."

ముందు లాత్వియా వాళ్ళు నవ్వారు. నవ్వు వరస దాటి వరసకు పాకింది. ఇల్వియా చివరి మూల ఇద్దరూ నవ్వేదాకా ఆగింది. వాళ్ళను మధ్యలో వదిలేసి మాట్లాడటం ఆమెకు మర్యాదనిపించలేదు.

"మాట మంచిదే. మా ఇంట్లో పిచ్చుకలకు కూడా ముక్క దొరకదు. కానీ ఆ ఇంట్లో ఉండేది నేను. మా అత్తగారు శుక్రవారం రొట్టె కాలుస్తుంది, మేం బుధవారం దాన్ని కోస్తాం. ఎందుకంటే ముందు పాతది అవ్వాలి. పాతది అయ్యేసరికి కొత్తది పాతదవుతుంది. నాలుగేళ్ళయింది నేను ఆ ఇంటికొచ్చి. ఆవిడ చేతి రొట్టె అంత బాగా ఆ చుట్టుపక్కల ఎవరికీ రాదు. దాన్ని వేడిగా ఒక్కసారి తినలేదు. మేం ఏదీ పారెయ్యం, నిజమే. కానీ మేం ఎప్పుడూ నిన్నట్లోనే ఉంటాం."

నీళ్ళు తాగింది. హాలంతా ఆమె గుటకలు విన్నది.

"నాకేమనిపిస్తోందంటే," అంది ఇల్వియా. ఒక్క క్షణం ఆగింది. ఎవరూ మధ్యలో అందుకోలేదు. "నాకేమనిపిస్తోందంటే, దీనికి ఇంకో మాట కలపాలి. రొట్టె కాల్చిన రోజున ఇంట్లో అందరికీ ఒక్కో వేడి ముక్క. ఒక్కటి చాలు. ఆ తర్వాత ఎంత పాతదైనా తింటాం. అది లేకపోతే జనం మీ ముందు సరేనంటారు, ఇంటికెళ్ళి దొంగతనంగా పారేస్తారు. ఇది నా మాట. అయిపోయింది."

మీట నొక్కి కూర్చుంది. అందరి చెవుల్లోనూ ఏదో వింత చప్పుడు వచ్చింది. పైన గాజు గదిలో మోద్రిస్ నవ్వు ఆపుకోలేక ముక్కు చీదుకుంటున్నాడు, ఆయన మైకు తెరిచే ఉంది.

సభ నడిపేవాళ్ళు తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. లాటరీలో లేని మనిషి మాట చెల్లుతుందా? చివరికి ఓర్లా వచ్చి, "మాట ఎవరు అన్నా గుంపు ఆలోచించి ఒప్పుకుంది కాబట్టి అది గుంపుదే. కానీ కొత్త మాట కలపాలంటే గుంపు మళ్ళీ కూర్చోవాలి. ఇరవై నిమిషాలు," అంది.

పన్నెండు మందీ మూల బల్ల దగ్గర చేరారు.

"ఒక ముక్క అంటే ఎన్ని గ్రాములు?" అంది టూరా. "స్పష్టంగా ఉండాలి కదా."

"కోసేవాళ్ళ మనసంత," అన్నాడు బెల్మీరో.

"మనసుకు కొలత లేదు!"

"నీకు పెళ్ళయ్యాక తెలుస్తుందిలే, పాపా." అంత మోటు మనిషి ఆ మాట ఆ చిన్నపిల్ల గొంతుతో అనేసరికి ఇల్వియాకి మళ్ళీ నవ్వొచ్చింది. ఈసారి ఆపుకోలేదు.

గ్రాములు రాయలేదు. 'ఒక్కో తాజా ముక్క' అని రాశారు. రెండు వాక్యాలూ కలిపి ఒకే సిఫారసుగా ఓటుకు పెడితే నూట పద్దెనిమిది మంది ఒప్పుకున్నారు.

ఇల్వియా వెంటనే ఇంటికి ఫోను చేసింది. ఎవరూ ఎత్తలేదు. ఆరుసార్లు చేసింది. చివరికి గుంటర్స్ నుంచి సందేశం వచ్చింది. "పిల్లాడు బాగున్నాడు. అమ్మ మాట్లాడటం లేదు. ఎవరితోనూ."

సోమవారం ఇల్లు చేరింది. ఎమీల్ పరుగెత్తుకొచ్చి కాళ్ళు చుట్టేశాడు. వాడి తల ముట్టుకుని చూసింది, చల్లగా ఉంది. స్కైద్రీతె సూప్ వడ్డించింది, పక్కన పాత రొట్టె పెట్టింది, నోరు మాత్రం విప్పలేదు. మంగళ, బుధ, గురువారాలు అంతే. ఆ ఇంట్లో గడియారం చప్పుడు ఇల్వియా అప్పుడే మొదటిసారి విన్నది. తిట్టినా బాగుండుననిపించింది.

అనెలె మాత్రం కంచె మీదుగా పిలిచి, "గ్రంథాలయంలో అందరూ లేచి మీ అత్తగారికి చప్పట్లు కొట్టారే అమ్మాయ్! ఆవిడ ఎర్రబడి, కోటు గుండీలు తప్పుగా పెట్టుకుని వెళ్ళిపోయింది," అని చెప్పింది.

శుక్రవారం వచ్చింది. రొట్టె కాలింది. వాసన గదిగదికీ తిరిగింది. స్కైద్రీతె రొట్టె బయటికి తీసి, నీళ్ళు చిలకరించి, నారబట్ట చేతిలో పట్టుకుని నిలబడింది. ఐదు రోజుల తర్వాత మాట వచ్చింది.

"సిఫారసంటే ఏంటి? చట్టమా?"

"కాదత్తయ్యా. పైవాళ్ళు పరిశీలిస్తారు."

"ఎన్నాళ్ళు?"

"ఏళ్ళు పట్టొచ్చన్నారు."

"మంచిది," అని స్కైద్రీతె బట్ట పరిచింది. రొట్టె దాని మీద పెట్టింది. చుట్టబోయి ఆగింది. "నా మాటా పరిశీలనలోనేనా? లేక ఒప్పేసుకున్నారా?"

"రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. కలిపే ఓటు వేశారు."

"విడదియ్యడం కుదరదా?"

"కుదరదు. నా ముక్క తీసేస్తే మీ మాటా పోతుంది."

స్కైద్రీతె బట్ట అంచులు వదిలేసింది. "నూట పద్దెనిమిది మంది?"

"నూట పద్దెనిమిది."

"అనెలె నూట పది అంటోంది. దానికి లెక్కలు ఎప్పుడూ రావు." సొరుగు లాగి కత్తి తీసింది. "కూర్చో. నిలబడి తింటే అరగదు. అసలు వేడిదే అరగదు. మా అత్తగారు ఇంట్లో ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. ఆవిడ తొంభై ఏళ్ళు బతికింది."

కోసింది. ఇల్వియాకి ఒకటి, ఎమీల్‌కి మెత్తటి లోపలి ముక్క, గుంటర్స్ కోసం ఒకటి పక్కన. ఆఖరున తనకు, అట్టముక్కంత పల్చగా. వెన్న రాసి నోట్లో పెట్టుకుని, ఏదో మందు రుచి చూస్తున్నట్టు కళ్ళు మూసుకుని నమిలింది. నమలడం ఎంతకీ అవ్వలేదు. ఇల్వియా తన ముక్క పట్టుకుని కూర్చుంది.

"అరగదు," అంది చివరికి స్కైద్రీతె. "ఒక్క ముక్కతో తెలియడం లేదు గానీ." ఇంకోటి కోసుకుంది. ఈసారి అంత పల్చగా లేదు.

"అత్తయ్యా, ఒక్కోటే అని రాశారు," అంది ఇల్వియా.

"పరిశీలనలో ఉందన్నావుగా. నేను పరిశీలిస్తున్నాను."

అల్మరాలో పోయిన వారం రొట్టె ఇంకా సగానికి పైగా ఉంది. ఇల్వియా దాని వైపు చూసింది. "మరి అది ముందు అవ్వాలేమో?"

"అదా?" స్కైద్రీతె మూతి తుడుచుకుంది. "కాగితం మీద నిన్నటిది అనే కదా ఉంది. అది పోయిన శుక్రవారంది. దాని గురించి మీ సభ ఏమీ అనలేదు."

అని దాన్ని తీసి ముక్కలు చేసి, సూప్‌లోకి నానబోసింది.